పొగలోంచి దొరికిన గ్రహం

మొన్నామధ్య బందరు నుంచి గుడివాడ వెళ్ళే బస్సెక్కాను. పెడన దాటాక పక్క సీట్లోని ఇంజనీరింగ్ కాలేజీ అమ్మాయి ఫోనులో ఏదో వీడియో పెట్టుకుంటే, ఉండబట్టలేక నేనూ తొంగి చూశాను. ముదురు నీలం రంగు గోళం ఒకటి, మన గురుగ్రహమంత వాయుగోళం, తన సూర్యుణ్ణి దాదాపు అంటుకుని తిరుగుతోంది. దానికి ఏడాది అంటే మనకు రెండు రోజుల చిల్లర, అక్కడి గాలిలో గాజు రేణువులు వానలా కొడతాయేమోనని శాస్త్రజ్ఞుల ఊహ అని చెబుతున్నారు. ఈ గ్రహాన్ని నేనెరుగుదునమ్మా అందామని నోటిదాకా వచ్చింది కానీ, అరవై దాటిన ఆడమనిషి బస్సులో అలా అంటే ఏమనుకుంటుందోనని ఊరుకున్నాను. ఆ పిల్ల గుడ్లవల్లేరులో దిగిపోయింది. మీరు నా ఈడువాళ్ళు కాబట్టి మీతో చెప్పుకుంటాను.

అప్పుడు నాకు నలభై అయిదేళ్ళు, బందరులో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. వేరే ఊరి కాలేజీ వాళ్ళను బతిమాలి, నవంబరు నెలాఖరుకల్లా తిరిగి ఇచ్చేస్తానని మాటిచ్చి ఒక చిన్న టెలిస్కోపు తెచ్చాను. అంత దూరాన ఉన్న గ్రహం దాంట్లో కనిపించదు. కానీ అది తన నక్షత్రానికి అడ్డంగా వచ్చిన రెండు గంటల్లోపు సమయంలో ఆ నక్షత్రపు వెలుగు నూటికి రెండున్నర పాళ్ళు తగ్గుతుంది, ఆ తగ్గడాన్ని కొలవగలిగితే గ్రహం మన చేతికి చిక్కినట్టే. మన కృష్ణా జిల్లా నుంచే దాన్ని పట్టి చూపిస్తానని స్టాఫ్ రూములో అందరి ముందూ అనేశాను. కలంకారీ అచ్చుపని చేసే ఇంట్లో పుట్టి, కాలవ గట్టున బట్టలు ఆరేస్తూ చదువుకున్నదాన్ని, నా మాట తేలిగ్గా తీసేసే పెద్దమనుషులు ఆ గదిలో తక్కువేం లేరు, అందుకే నాకు అంత పంతం వచ్చింది.

ఊళ్ళో లైట్ల గొడవ వద్దని టెలిస్కోపును దివిసీమలో మా అత్తగారింటికి చేర్చాం. అక్టోబరు చివర్లో ఒక సాయంత్రం, గ్రహం అడ్డొచ్చే సమయం ముందే లెక్క కట్టుకుని, నా విద్యార్థులు నలుగురితో వాకిట్లో కూర్చున్నాను. శ్రవణా నక్షత్రానికి ఉత్తరంగా ఉన్న ఆ చిన్న చుక్కను అర నిమిషానికొకసారి కెమెరాతో తీస్తూ, కంప్యూటర్లో చోటు చాలక ఆ ఒక్క చుక్క ఉన్నంత మేరకే బొమ్మ కత్తిరించి దాచాం. పక్క చుక్కలతో పోల్చి చూడాలని పుస్తకాల్లో చదవకపోలేదు, ఆకాశం అంత శుభ్రంగా ఉంటే అదెందుకులే అనుకున్నాను. ఏ వేళకు ఎంత వెలుగో కాగితం మీద గీత గీసి చూస్తే వెలుగు తగ్గింది, మళ్ళీ పెరిగింది. అనుకున్నదానికంటే ఎక్కువే తగ్గింది కానీ ఆ సంతోషంలో ఎక్కువైతే ఎందుకైందని అడిగేదెవరు? మర్నాడు ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ రూములో అందరికీ బందరు లడ్డూలు పంచారు.

ఆ సాయంత్రమే ఉత్సాహం ఆపుకోలేని నలుగురైదుగురు లెక్చరర్లు మా అత్తగారింటికి వచ్చేశారు. ఊరికే చూపిద్దామని చుక్క వైపు తిప్పి కొలుస్తుంటే, సరిగ్గా నిన్నటి వేళకే వెలుగు మళ్ళీ పడిపోయింది. రెండు రోజులకు పైగా పట్టే చుట్టు ఒక్క రోజులో ఎలా పూర్తవుతుంది? లెక్కల మాస్టారు తాపీగా, "మీ గ్రహం రోజూ సాయంత్రం డ్యూటీకొస్తందా మేడమ్?" అన్నారు. అందరూ నవ్వారు. నేను తలెత్తి చూసేసరికి, మా బావగారు పడమటి వైపు పాకలో గేదెలకు దోమలు కుట్టకుండా ఊకతో పొగ పెట్టి వస్తున్నారు. ఆయనే కాదు, ఊళ్ళో ప్రతి పాకలోనూ ఆ వేళకే పొగ పెడతారు, చలిగాలికి అది పైకి పోకుండా పల్చగా పరుచుకుంటుంది. నేను పట్టింది గ్రహాన్ని కాదు, గేదెల పొగని. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు, తిన్న లడ్డూలు వాళ్ళకు మాత్రం బాగానే అరిగాయి.

ఆదివారం పెడన వెళ్ళి నాన్న దగ్గర ఏడ్చాను. డెబ్బై ఏళ్ళ మనిషి, బల్ల దగ్గర అచ్చు వేస్తూనే అంతా విని, ఉతికి తెచ్చిన బట్ట రంగు దిగిందో లేదో తను ఎలా చూస్తాడో చెప్పాడు. "మబ్బు రోజున ఏ బట్టైనా మాసినట్టే ఉంటదమ్మాయ్. అందుకే మచ్చుముక్క పక్కన పెట్టుకుని, రెంటినీ ఒకే వెలుతుర్లో చూస్తాను. రెండూ మాసినట్టుంటే తప్పు మబ్బుది. ఒకటే మాసిందంటే రంగు దిగినట్టు." పుస్తకంలో చదివి పక్కన పెట్టేసిన సంగతి నాన్న నోట వినేసరికి సిగ్గేసింది, ధైర్యమూ వచ్చింది.

గ్రహం మళ్ళీ మాకు వీలైన వేళకు అడ్డొచ్చేది ఇరవై రోజులకు. అది తప్పితే టెలిస్కోపు వెళ్ళిపోతుంది, చుక్క కూడా సాయంత్రానికే పడమటికి దిగిపోతుంది, నా మాట ఇక ఎప్పటికీ నవ్వులాటగానే మిగిలిపోతుంది. ఆ వారమంతా ముసురు పట్టి, సరిగ్గా ఆ రోజు మధ్యాహ్నానికి విడిచింది. లెక్కల మాస్టారు కూడా వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నారు. బావగారు నా దగ్గరకు వచ్చి, "ఇయ్యాల పొగ మానేస్తాంలేమ్మా, ఊళ్ళో వాళ్ళకీ చెప్పొచ్చాను" అన్నారు. నేను ఒద్దన్నాను. "పెట్టండి బావగారూ, రోజూ పెట్టినట్టే పెట్టండి" అన్నాను.

పొగ వచ్చింది. మా చుక్కా మసకబారింది, మచ్చుకని ఎంచుకున్న పక్క చుక్కలు మూడూ మసకబారాయి. మా చుక్కను ఆ మూడింటితో పోల్చి గీసిన గీత మాత్రం బల్ల మీద పరిచిన గుడ్డలా కదలకుండా సాగింది. గ్రహం రావలసిన నిమిషానికి ఆ గీత మెల్లగా దిగడం మొదలుపెట్టింది. అడుగున గంట పైచిలుకు నిలబడి, లెక్క ప్రకారమే తిరిగి పైకొచ్చింది. దిగింది నూటికి రెండున్నర పాళ్ళే. నా విద్యార్థిని ఒకతి ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను. లెక్కల మాస్టారు ఆ గీత ఉన్న కాగితం చేతికి తీసుకుని రెండుసార్లు చూసి, లేచి నిలబడి, "ఇది ఒప్పుకుంటున్నానండీ" అన్నారు. జీతం పెరిగిన రోజున కూడా నాకంత ఆనందం కలగలేదు.

ఆ కాగితం నాన్నకు చూపించాను. ఈ వెలుతురు అక్కణ్ణించి బయలుదేరి అరవై ఏళ్ళు దాటిందని చెబితే, వేళ్ళు మడిచి చూసుకుని, "అయితే నేను మా నాన్న దగ్గర అచ్చు పట్టడం నేర్చుకునే రోజుల్లోదన్నమాట" అని చాలాసేపు ఆ గీతను వేలితో తడుముతూ కూర్చున్నాడు.

నాన్న ఇప్పుడు లేడు. మా అత్తగారి ఊళ్ళో పొలాలు చేపల చెరువులయ్యాయి, గట్ల మీద తెల్లవార్లూ లైట్లు, గేదెలూ లేవు, పొగా లేదు, చుక్కలు సగం లేవు. ఇలాంటి గ్రహాలు వేలకొద్దీ దొరికాక మా కాగితాన్ని అడిగేవాళ్ళూ లేరు. మేము వాకిట్లో కూర్చున్న ఆ సాయంత్రం ఆ నక్షత్రం నుంచి బయలుదేరిన వెలుతురు ఇంకా దారిలోనే ఉంది. అది ఇక్కడికి చేరేనాటికి నేనుండను, ఆ ఊళ్ళో దాన్ని చూసేంత చీకటీ మిగలదేమో. తలుచుకుంటే దిగులుగానే ఉంటుంది. కానీ ఊరంతా పొగ పెట్టిన సాయంత్రాన మేము దాన్ని సరిగ్గా చూశాం, ఆ చూసినదాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు.