నిరుటి దారి

అలాస్కాలో ఆ పెద్దాయన పోయారని ఆయన కూతురు ఫోన్ చేసింది. నా నోట ముందుగా వచ్చిన మాట, “నది మీదా?”

“కాదు. ఇంట్లోనే, మంచం మీద.”

హమ్మయ్య అనుకున్నాను. మనిషి పోతే హమ్మయ్య ఏమిటని మీకు అనిపించవచ్చు. చెబుతాను.

ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఎం.ఎస్. చేస్తూ, నది మీది మంచు మందం కొలవడానికి ఒక ఆదివాసీ ఊరికి వెళ్లేవాణ్ణి. చలికాలంలో అక్కడ గడ్డకట్టిన నదే రోడ్డు. ఆ ఊరి ఈ పెద్దాయనే నాకు దారి చూపేవారు. అలవాటుకొద్దీ ‘అంకుల్’ అని పిలిస్తే ఆయన మనవలు పడీపడీ నవ్వారు. ఇనప మొన ఉన్న పొడవాటి కర్ర లేనిదే ఆయన మంచు మీదికి దిగేవారు కాదు. ముందు ఒక పోటు, తర్వాత అడుగు. “నా చిన్నప్పుడు ఇంత అవసరం ఉండేది కాదు. ఇప్పుడు చలి సరిగ్గా పడట్లేదు, నదిని నమ్మలేం,” అనేవారు.

ఆ మార్చిలో నేను పక్క ఊళ్లో విమానం అందుకోవాలి. థీసిస్ గడువు నెత్తి మీదుంది. దారి మధ్యలో ఆయన మేమెక్కిన మంచుబండి, స్నోమొబైల్, ఆపి, కర్రతో పొడవడం మొదలుపెట్టారు. పది నిమిషాలకే నాకు ఒళ్లు మండింది.

“అంకుల్, ఫ్లైట్ మిస్సవుతాను! నిరుడు ఇక్కడే దాటాం కదా, జీపీఎస్‌లో సేవ్ చేశాను.”

“అది నిరుటి మంచు. కరిగిపోయింది.”

వింటేగా! జీపీఎస్ పట్టుకుని చరచరా ముందుకు నడిచాను. “ఆగు!” అని కేక వినబడేసరికే కాళ్ల కింద ఫెళ్లుమంది. నడుం దాకా నీళ్లు. ప్రవాహం కాళ్లను మంచు కిందికి లాగేస్తోంది. ఆయన బోర్లా పడుకుని పాకుతూ వచ్చి కర్ర అందించారు.

బయటికి లాగి, పొడిబట్టలు తొడిగి, మొద్దుబారిన నా పాదాలను కోటు లోపల తన పొట్టకు ఆనించుకున్నారు. డెబ్బై ఏళ్ల మనిషి! సిగ్గుతో చచ్చిపోయాను. పైన విమానం వెళ్లిపోయింది. “రేపు ఇంకోటి వస్తుందిలే,” అన్నారు.

వెనక వచ్చేవాళ్లకు తెలియాలని ఆ గుంట చుట్టూ కొమ్మలు పాతారు. “ఆ దారి చెరిపెయ్యి. ఎవరికైనా ఇస్తావేమో,” అన్నారు. అక్కడే డిలీట్ చేశాను.

అంత్యక్రియల సంగతి కూడా కూతురే ఫోన్‌లో చెప్పింది. ఆ ఊరి శ్మశానం నది అవతల ఉందట. ఆయన్ని మంచు మీద లాగే చెక్కబండి మీద పడుకోబెట్టి, ఆ కర్రతో పొడుస్తూ కూతురే ముందు నడిచిందట. రెండుచోట్ల మంచు పలచగా తగిలింది. రెండుసార్లూ అక్కడ కొమ్మలు పాతి, తండ్రిని వెనక్కి తీసుకొచ్చిందట. మూడోచోట దాటారు.