అడిగి తెచ్చిన కప్ప

ఆ కరువు ఏడాదిలో కుంటలు తిరిగి కప్పలను లెక్కపెట్టడం నా ఉద్యోగం. ఉప్పునుంతల చుట్టూ మూడు రోజులు వెతికినా ఒక్కటీ కనబడలేదు. పుస్తకంలో ‘లేవు’ అని రాసి, కాళ్లీడ్చుకుంటూ అచ్చంపేటలో లింగాల బస్సెక్కాను.

పక్క సీట్లో ఒక ముసలామె. ఆమె ఒళ్లో తడిగుడ్డ కట్టిన చెంబు. గుడ్డ కదిలింది.

“ఏముంది పెద్దమ్మా?”

“కప్పతల్లి సారూ. వానకోసం రోకలికి కట్టి ఇల్లిల్లు తిప్పినం. మా ఉప్పునుంతలల ఎంత దేవులాడినా దొర్కలే. బల్మూర్ల మా చెల్లెనడిగి ఆళ్ల కుంటలకెల్లి తెచ్చిన. మల్ల ఆ కుంటలనే ఇడువనీకె పోతున్న.”

గుడ్డ తీసి చూపింది. ఒంటినిండా బొడిపెలు, నడుముకు తాడు ఒరుసుకున్న గీత. తోలు ఆరితే అది బతకదు. గుడ్లు పెట్టడానికి పుట్టిన నీళ్లనే వెతుక్కుంటుంది. ఇవన్నీ నేను చదువుకున్న సంగతులు.

“వాన పడిందా?”

“యాడ పడ్డది? పడకుంటేంది, దాని నీళ్లకాడ దాన్ని ఇడ్వాలె గద.”

సీసాలో మిగిలిన గుక్కెడు నీళ్లు ఆ గుడ్డమీద పోశాను. కప్పల లెక్క రాయడమే నా పనని చెప్పాను.

“ఒక్కదానికి లెక్కేంది సారూ?” అని, చెంబును చంకనేసుకుని బల్మూర్‌లో దిగిపోయింది.