నలభై డిగ్రీల దగ్గర మూపురం

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, ఎక్కడ ఏ తప్పు జరిగినా అది నాదేనని ముందే ఒప్పేసుకునేదాన్ని. (ఇప్పుడైతే ముందు కేబుల్ వదులైందేమో చూస్తాను.) గద్వాల పిల్లనైన నాకు వనపర్తిలో ఒక చిన్న కంపెనీ అప్పగించిన పని, రేడియో సంకేతాలు అందుకునే గిన్నెలాంటి యాంటెన్నా తయారు చేయడం. అది ఎదురుగా ఉన్నదాన్నే వినాలి, పక్కలనుంచి వచ్చేవి పట్టించుకోకూడదు. దాని పక్కచూపులనే మావాళ్లు సైడ్‌లోబ్‌లంటారు. వాటిని తగ్గించడానికి నెలల తరబడి లెక్కలు వేసి, గిన్నె అంచు చుట్టూ లోపల సంకేతాలను పీల్చుకునే నల్ల స్పాంజి అతికించిన రేకు పట్టీ బిగించాను. శుక్రవారం పెద్దసారు వచ్చి చూస్తారు. బాగుంటే ఉద్యోగం ఖాయం, లేకుంటే ఇంటికే.

పరీక్ష కోసం అద్దెకు తీసుకున్న మిద్దె మీద నేనూ, అందరూ రేడియో మామ అని పిలిచే మా టెక్నీషియనూ ఉండేవాళ్లం. దూరంగా నీళ్ల ట్యాంకు మీద ట్రాన్స్‌మిటర్ పెట్టి, యాంటెన్నాను ఒక్కో డిగ్రీ తిప్పుతూ సంకేతం ఎంత అందుతోందో గీసుకునేవాళ్లం. పొద్దున గీత ముచ్చటగా వచ్చేది. మధ్యాహ్నం తిన్నాక మళ్లీ తిప్పితే, ఎడమవైపు నలభై డిగ్రీల దగ్గర ఒంటె మూపురంలా లేచేది, అంటే పక్కనుంచి కూడా ఏదో వింటోంది. మూడు రోజులు ఇదే వరస. ఎండకు స్పాంజి ఊడిందనుకున్నాను, అంచు వంగిందనుకున్నాను, చివరికి నాకు లెక్కలే రావనుకున్నాను.

ఆ తిండి, పిన్నీ అన్నట్టు నేను ఖాలా అని పిలిచే పక్కమిద్దె ఆవిడది. నేను బిస్కెట్లతో గడుపుతున్నానని చూసి, రోజూ పిట్టగోడ మీదుగా వేడివేడి ఖిచిడీ, అందులోకి పుల్లటి ఖట్టా అందించేది. గురువారం నేను పళ్లెం ముట్టలేదు. (ఏడ్చాను కూడా, మామకు మాత్రం చెమట అని చెప్పాను.) ఖాలా గోడ దగ్గరికి వచ్చింది.

"ఏమైంది బేటీ? ఉప్పు ఎక్కువైందా?"

మూపురం సంగతి చెప్పుకున్నాను. ఆమె పాపం శ్రద్ధగా వింటుండగా, మామ నలభై డిగ్రీలకు తిప్పి ఉన్న యాంటెన్నా వెనక వంగి, అది చూస్తున్న వైపే చూశాడు. అటు ఖాలా మిద్దె మీద, మధ్యాహ్నం వంటయ్యాక తోమి ఎండలో ఆనించిన డేగిసా మూత, అన్నం వండే పెద్ద గిన్నెది, బండి చక్రమంత. ట్యాంకు మీది సంకేతాన్ని తిన్నగా మా గిన్నెలోకి తిప్పికొడుతోంది. పన్నెండు మంది ఇంట్లో నాకోసం కూడా వండాల్సి వచ్చేసరికి, ఆ వారమే ఆమె చిన్న డేగిసా మానేసి పెద్దది దించిందట.

ఆమెకు చెప్పొద్దని మామకు సైగ చేశాను. అప్పటికే చెప్పేశాడు. ఖాలా ముఖం చిన్నబోయింది.

"నా మూతతోనా బిడ్డా నువ్వు గింత పరేషాన్ అయింది?"

శుక్రవారం ఆమె మిద్దె మీది గిన్నెలు, చెంబులు, ఆఖరికి బట్టల తీగ మీది ఇనుప క్లిప్పులు కూడా లోపలికి తీసుకుపోయింది. గాజులు మెరుస్తాయేమోనని తానూ పైకి రాలేదు. పెద్దసారు రెండుసార్లు తిప్పించి చూసి, కాగితం మీద సంతకం పెట్టారు. నేను మెట్లు దిగి పరుగెత్తాను. ఖాలా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"పాసైనవా?"

"పాసైన ఖాలా."

ఆమె గడప మీద కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఇప్పుడు నా యాంటెన్నాలను గోడలనుంచి ఏ సంకేతమూ తిరిగిరాని మూసిన గదిలో పరీక్షిస్తారు. గీతలు శుభ్రంగా వస్తాయి, నేను రిపోర్టు పంపేసి కుర్చీలో వెనక్కి వాలతాను. పాసైనవా అని ఎవరూ అడగరు, ఈ వయసులో అడిగితే బాగుండదు కూడా. అయినా ఒక్క క్షణం ఆగి, పాసైన ఖాలా అని నాలో నేనే అనుకుని, నవ్వుకుంటాను.