ఉబ్బెత్తు అక్షరాలు

ప్రొద్దుటూరులో బోర్డులు రాసి బతికినవాణ్ణి. కుంచె పడితే చెయ్యి వణుకుతోందన్న సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. అది కనిపెట్టాక ఆమె టీ గ్లాసు సగమే నింపి ఇవ్వడం మొదలుపెట్టింది, అంతే. ఆ సగం గ్లాసు చూస్తే నాకు ఒళ్లు మండేది, భయమూ వేసేది. మా నాయనకూ ఇలాగే మొదలైంది. చివరికి అన్నం ముద్ద నోటిదాకా పోయేది కాదు, మా అమ్మే తినిపించేది.

అలాంటి రోజుల్లో, కార్లకు రంగు కొట్టే షెడ్డు నుంచి ఫోన్ వచ్చింది. జమ్మలమడుగు చర్చిలో పాత పియానో ఒకటి బాగు చేయిస్తున్నారట. దాని లోపల తీగలన్నిటినీ బిగించి పట్టే ఇనుప చట్రాన్ని విప్పి షెడ్డుకు పంపారు. షెడ్డు యజమాని తుప్పు గీకి, బంగారు రంగు కొట్టి నిగనిగలాడించాడు. తీరా చూస్తే, చట్రం మీద పోతపోసిన కంపెనీ పేరు, అంకెలు అన్నీ ఆ బంగారంలోనే కలిసిపోయాయి.

"ఈ అచ్చరాలకు నలుపు ఎక్కియ్యల్ల మామా. స్టిక్కర్లు అంటించే పిల్లోళ్లతో అయ్యే పని కాదిది. గీత యాడన్నా జారిందంటే మళ్లా మొత్తం కొట్టుకోవాల," అన్నాడు, నేను షెడ్డుకు పోగానే.

కాదంటే ఎందుకని అడుగుతాడు, ఊరంతా తెలిసిపోతుంది. "నువ్వు చూస్తాంటే నాకు చెయ్యాడదు. పోయి టీ తాగి రాపో," అని కసిరి బయటికి పంపాను.

మొదటి అక్షరానికే కుంచె పక్కకు దూకింది. కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. బంగారు రంగు ఊడలేదు, బతికిపోయాను. రెండోసారి ఇంకా దూరం పోయింది. ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుంటే రెండూ కలిసి వణికాయి. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. నాయన కంచం ముందు కూర్చున్న తీరు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

మళ్లీ తుడుస్తుంటే బొటనవేలికి నలుపు అంటింది. ఆ వేలు ఆనిన చోట పక్క అక్షరం నల్లగా తేలింది. అక్షరాలు ఉబ్బెత్తుగా ఉన్నాయి కదా, చుట్టూ ఉన్న పల్లానికి రంగు అంటలేదు. కుంచె పక్కన పడేశాను. అద్దం ముక్క మీద రంగు పలచగా పూసి, వేలు అద్ది, ఒక్కో అక్షరం మీద గట్టిగా నొక్కాను. నొక్కిపెట్టిన చెయ్యి వణకదు. అక్షరాలు రాసి పిల్లల్ని సాకినవాణ్ణి, ఆ రోజు వేలిముద్రలు వేసి పని ముగించాను.

యజమాని వచ్చి వంగి చూశాడు. నేను బొటనవేలిని గుప్పిట్లో దాచుకున్నాను.

"ఏం చెయ్యి మామా నీది! రవ్వంత కూడా చెదరలా. రేపు పులివెందుల నుంచి స్కూలు బస్సు వస్తాంది. రెండు పక్కలా పేరు నువ్వే రాయల్ల. నీ చేతి రాతేనని చెప్పి ఒప్పుకున్యా."

సరేనన్నాను. బస్సు రేకు నున్నగా ఉంటుంది. వేలికి తగిలే అక్షరం దాని మీద ఒక్కటీ ఉండదు.