మెట్ల కింద మీటర్ల పిన్ని

మా పిన్నికి మొండిఘటమని పేరు పెట్టింది మా నాన్నే. మరదలిని ఆట పట్టించడానికి అన్న ఆ మాట అందరి నోళ్లలో పడి, అసలు పేరు మరుగున పడిపోయింది.

నాన్న ఒక పాత గోదాము అద్దెకు తీసుకుని, కిటికీలు మూసేసి, లైట్ల వెలుగులో, మట్టి లేకుండా నీళ్లలోనే ఆకుకూరలు పెంచేవాడు. నేను కోసిన ఆకులు ప్యాక్ చేసేదాన్ని. నీళ్లు చూసే పని పిన్నిది. తొట్టెల్లో పీహెచ్ అంకె ఆరు దగ్గర ఉండాలి. ఏడు దాటిందంటే ఎంత ఎరువు వేసినా వేళ్లు అందుకోలేవు, లేత ఆకులు పసుపుబారతాయి.

ఆ అంకె చెప్పేది అరచేతిలో ఇమిడే పీహెచ్ మీటరు. దాని కొసన గాజు గుబ్బ ఉంటుంది. అది ఎండితే మీటరు పని అయిపోయినట్టే. అందుకని పిన్ని దాని మూతలో ఉప్పు ద్రావణం తడి ఆరనిచ్చేది కాదు. రోజూ పని మొదలుపెట్టే ముందు గుబ్బను కడిగి, మెత్తటి కాగితంతో అద్ది, పీహెచ్ ఏడని ఖాయంగా తెలిసిన ద్రావణంలో ఒకసారి, నాలుగు ఉన్నదానిలో ఒకసారి ముంచేది. తేడా వస్తే మీటరు వెనక చిన్న స్క్రూలు తిప్పి సరిచేసేది. వాడిన ద్రావణాన్ని నేనోసారి తిరిగి సీసాలో పోయబోతే, ఎంగిలిది మళ్లీ గిన్నెలో కలుపుతావా అని కసిరింది.

ఆ వేసవిలో బోరు నీళ్లు మారాయి. అంకె ఏడున్నరకు ఎక్కి కూర్చుంది. ఒక్కసారిగా ఆమ్లం పోస్తే వేళ్లు తట్టుకోలేవని పిన్ని కొంచెం కొంచెంగా దించుతోంది. సరిగ్గా అప్పుడే ఒక పెద్ద హోటల్లో కొనుగోళ్లు చూసే ఆవిడ వస్తున్నట్టు కబురు చేసింది. నాన్న కాలు ఒక చోట నిలవలేదు.

"ఆ స్క్రూ కాస్త తిప్పు మరదలా. ఆరు చూపిస్తే చాలు. నీళ్లు ఎలాగూ దారికొస్తాయిగా," అన్నాడు.

"నీళ్లు మారుస్తాను బావా. మీటరు చేత అబద్ధం చెప్పించను."

నాన్న మీటరు లాక్కుని తనే తిప్పాడు.

ఆవిడ వచ్చింది. నాన్న మీటరు ముంచాడు. ఆరు. ఆవిడ తృప్తిగా తలూపింది. అప్పుడు పిన్ని ముందుకొచ్చి నాన్న చేతిలోంచి మీటరు తీసుకుంది. గుబ్బ కడిగి, ఏడు ద్రావణం చిన్న కప్పులో పోసి, సీసా ఆవిడ చేతికిచ్చి అంకె చదవమంది. ఏడు అని చదివింది ఆవిడ. కప్పులో ముంచిన మీటరు ఐదున్నర దగ్గర ఆగింది.

"ఇది తక్కువ చెబుతోందండి. మా తొట్టెల్లో ఉన్నది ఏడున్నర. దించుతున్నాం. వచ్చేవారం వచ్చి చూడండి," అంది పిన్ని.

ఆవిడ సీసా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఇంటి మనిషివై ఉండి పరువు తీశావని నాన్న అందరి ముందూ అరిచి, రేపట్నుంచి రావద్దన్నాడు. పిన్ని ఏప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించింది. తల మాత్రం దించలేదు. ఆ పూట అమ్మ నాన్నకు అన్నం వడ్డించి లోపలికి వెళ్లిపోయింది.

పిన్ని తన అద్దె ఇంటి మెట్ల కింద ఒక బల్ల వేసుకుంది. మీటర్లు బాగుచేస్తానని అట్టముక్క మీద రాసి వేలాడదీసింది. మొదట్లో ఎవరూ రాలేదు. తర్వాత, సొంత బావనే పట్టిచ్చిన మొండిఘటమట అని నవ్వుకుంటూ పుట్టగొడుగుల వాళ్లూ, ఆకుకూరల వాళ్లూ మీటర్లు పట్టుకొచ్చారు. నవ్వితే నవ్వనీ, నా దగ్గరికే వస్తున్నారుగా, అనేది.

గోదాములో పిన్ని చోటికి వచ్చినతను మీటరును మామూలు నీళ్లలో నానేసి ఉంచాడు. అది మందగించి, నోటికొచ్చిన అంకె చెప్పడం మొదలుపెట్టింది. నాన్న గొణుక్కుంటూ దాన్ని నాచేత పంపించాడు. పిన్ని ముట్టకుండా తిప్పి పంపుతుందేమోనని భయపడ్డాను.

"ఇలా తే. అది ఏం తప్పు చేసింది?" అని అందుకుంది పిన్ని.

అది బాగుపడ్డాక నాన్నే వచ్చాడు. పొడుగు మనిషి, మెట్ల కింద నడుం వంచి నిలబడ్డాడు. ఈ పంతం ఎన్నాళ్లని అడిగాడు.

"నీ మీటర్లు పంపు బావా, ప్రాణం పెట్టి చూస్తాను. నేను మాత్రం రాను."

"తప్పు నాదే. సరేనా?"

"సరే. అయినా రాను."

నాన్న నడుం ఎత్తబోయి, తల పైమెట్టుకు కొట్టుకుని, తడుముకుంటూ వెళ్లిపోయాడు. పిన్ని నవ్వాపుకుంది. మొన్న ఇంటి యజమాని వచ్చి, జనం రాకపోకలు ఎక్కువయ్యాయి, మెట్ల కింద ఖాళీ చెయ్యమన్నాడు. నిన్న పిన్ని అక్కడికే రెండో బల్ల తెప్పించింది.