మామిడిపల్లి వేదిక మీద ఎదురెదురుగా ఆడిన కోలాటం

ఫిబ్రవరి, రెండో శనివారం. పొద్దున హిమాయత్ సాగర్ వైపు పలచగా మంచు, తొమ్మిదికల్లా ఎండ. నల్లా నీళ్ళొచ్చే రోజు కాబట్టి ముందు డ్రమ్ము నింపి మూత పెట్టాను. ఆ తరువాతే కోలాటం కర్రలు, దుస్తులు సంచిలో సర్దుకున్నాను.

మామిడిపల్లి దాటాక ఉన్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో కాలేజీల ఉత్సవం. మా డిగ్రీ కాలేజీ కోలాటం జట్టుకూ పిలుపు వచ్చింది. ఎనిమిది మందిమి, అందరం మగపిల్లలమే. మాకు గురువు ఎవరూ లేరు. రెండేళ్ళ కిందట ఫోన్లో ఒక వీడియో ముందు నిలబడి మొదట నేను నేర్చుకున్నాను, తరువాత మిగతావాళ్ళకు నేర్పాను. వాళ్ళలో నాకంటే బాగా ఆడేది సలీం. నాకంటే ఒక ఏడాది చిన్న. మేం కొత్వాల్‌గూడ నుంచి వెళ్ళింది వాళ్ళ నాన్న జహంగీర్ చాచా వ్యానులోనే. విమానాశ్రయంలో పనిచేసేవాళ్ళను షిఫ్టులకు దింపే బండి అది. చాచా కిరాయి వద్దన్నాడు, డీజిలు మాత్రం పోయించమన్నాడు.

ఆయన వస్తున్నది బండి నడపడానికి మాత్రమే కాదు. కొడుకు ఆట ఆయన ఇంతవరకూ చూడలేదు. సాయంత్రాలు సలీం తనతో బండి మీదికి రాకుండా ప్రాక్టీసుకు పోవడం ఆయనకు నచ్చదు. బయలుదేరే ముందే మా అందరి ముందు తేల్చి చెప్పాడు.

"ఇయాల చూస్త. మంచిగుంటె ఆడనీ. లేకుంటె సోమారం కెళ్ళి ప్రాక్టీస్ బంద్, నాతోని బండి మీదికి వస్తడు."

సలీం వెళ్ళి వ్యానెక్కాడు. కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తున్నాడు.

శంషాబాద్ బజారు మీదుగా, విమానాశ్రయం ప్రహరీ పక్క రోడ్డు పట్టుకుని వెళ్ళాం. సెలవు రోజైనా బజారులో చాలాసేపు ఆగాల్సి వచ్చింది, అక్కడ దాటితే రోడ్డు ఖాళీ. ఒక మలుపులో కర్రల కట్ట జారి కింద పడింది.

"చాచా, జర మెల్లగ," అన్నాను.

"కట్టెలు పట్టుకోనీకె రాదు, ఆటేం ఆడుతర్రా మీరు," అన్నాడు అద్దంలో మమ్మల్ని చూస్తూ. అందరం నవ్వాం, సలీం తప్ప.

పదకొండున్నరకు చేరాం. క్యాంటీన్లో పప్పు, అన్నం, వంకాయ కూర అరవై రూపాయలు. కూర అయిపోవస్తోందని చెప్పి వడ్డించే అక్క మాకు పప్పు రెండో గరిటె వేసింది. వేదిక ఆరుబయట మైదానంలో ఉంది. విమానాలు బాగా కిందుగా వెళుతున్నాయి. ఒకటి వెళ్ళినప్పుడల్లా మైకులో మాట్లాడేవాళ్ళు నోరు మూసుకుని ఆగుతున్నారు.

రెండు గంటలకు నిర్వాహకుల తరఫున ఒక విద్యార్థి వచ్చి, కార్యక్రమం ఆలస్యమైంది కనుక కోలాటం జట్లు రెండూ కలిసి ఒకే పాటకు ఆడాలన్నాడు. రెండో జట్టు నగరం నుంచి వచ్చిన ఎనిమిది మంది అమ్మాయిలు. వాళ్ళ నాయకురాలి పేరు శ్రావణి. చిన్నప్పటి నుంచి గురువు దగ్గర నేర్చుకున్నదట. పాట అందరికీ తెలిసిందే, అడుగులూ దాదాపు అవే. వేదిక వెనక ఒక్కసారి ఆడి చూద్దామని ఒకరి పక్కన ఒకరం కలిసి గుండ్రంగా నిలబడ్డాం.

మొదటి దరువుకే గుద్దుకున్నాం. వాళ్ళు కుడికి కదిలారు, మేం ఎడమకు కదిలాం. వాళ్ళ కుడి కర్ర లేచింది, మా ఎడమ కర్ర లేచింది. ఒక అమ్మాయి వేలికి దెబ్బ తగిలింది.

"మీరు ఎటు వెళ్తున్నారండీ?" అంది శ్రావణి.

"మేం ఎప్పుడు గిట్లనే ఆడుతం," అన్నాడు సలీం.

అప్పుడు నాకు అర్థమైంది. వీడియోలో మనిషి నా వైపు తిరిగి ఆడింది. ఆమె కుడి చేయి ఎత్తితే, ఎదురుగా ఉన్న నేను అదే పక్కన ఉన్న నా ఎడమ చేయి ఎత్తాను. అలాగే ఎనిమిది మందికీ నేర్పాను. మాలో మేం ఆడినంతకాలం ఎవరికీ తేడా తెలియలేదు. ఆ మాట వాళ్ళకు చెప్పాను. నిర్వాహక విద్యార్థి గడియారం చూసుకుని, పావుగంటలో కుదరకపోతే ఒక జట్టునే పంపుతానన్నాడు. ఏ జట్టో అడగాల్సిన పని లేదు.

సలీం తెర పక్క నుంచి తొంగిచూసి వచ్చాడు. "అబ్బా ముందట కుర్సీల కూసుండు అన్నా," అన్నాడు మెల్లగా, వాళ్ళ నాన్న గురించి.

తరువాత శ్రావణికి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. "ఏంది తప్పు? చూడు, నేను గిట్ల పోత," అని ఎడమకు అడుగేసి కర్ర ఎత్తాడు.

"అలా కాదు, ఇలా," అని ఆమె కుడికి అడుగేసి కర్ర ఎత్తింది.

రెండు కర్రలూ సరిగ్గా మధ్యలో తగిలాయి. ఇద్దరూ ఆగారు. సలీం మళ్ళీ ఒక అడుగు వేశాడు, ఆమె కూడా వేసింది. ఒకరు అద్దం ముందు నిలబడి ఆడుతున్నట్టే ఉంది.

"ఒకే గుండ్రం వద్దు," అంది శ్రావణి. "మీరు లోపల, మా వైపు తిరిగి. మేం బయట, మీ వైపు తిరిగి."

అంతే. ఎవరూ ఏదీ మార్చుకోలేదు. రెండుసార్లు ఆడి చూసుకున్నాం, మూడోసారికి పిలుపు వచ్చింది.

వేదిక మీద సగం పాటకు విమానం వచ్చింది. స్పీకరు బొత్తిగా వినిపించలేదు. పదహారు జతల కర్రల చప్పుడు మాత్రం వినిపిస్తోంది, దాన్ని పట్టుకునే తిరిగాం. విమానం వెళ్ళిపోయాక పాట మళ్ళీ వినిపించేసరికి మేం సరిగ్గా దాని మీదే ఉన్నాం. ముందు వరుసల్లో కొందరు లేచి నిలబడ్డారు. చాచా లేవలేదు, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఇలాంటి వేదికలు నేను కొన్ని చూశాను. బహుమతుల సంగతి నాకు అంతగా గుర్తుండదు, ఎవరి పక్కన నిలబడి ఆడానో గుర్తుంటుంది. ఈసారి ఎదురుగా ఎవరున్నారో కూడా గుర్తుంటుంది. నాలాగా ఫోన్ చూసి నేర్చుకునేవాళ్ళకు ఒక్కటే చెబుతాను, వెనక నుంచి తీసిన వీడియో వెతకండి. వేరే జట్టుతో ఆడే అవకాశం ఉంటే గంట ముందే వాళ్ళతో ఒకసారి ఆడి చూసుకోండి.

చాచాకు నాలుగున్నరకు విమానాశ్రయం దగ్గర షిఫ్టు ఉంది కనుక వెంటనే బయలుదేరాం. సలీంను ముందు సీట్లో కూర్చోమన్నాడు. మామిడిపల్లి దాటాక ఆయనే మాట మొదలుపెట్టాడు.

"బయటోళ్ళయి ఈపులే కనవడ్డయి," అన్నాడు చాచా. "నీ మొఖం కనవడ్డది. మూడుపార్లు నా ముందటికెళ్ళి పోయినవ్."

"అవ్ అబ్బా."

"మూడుపార్లు గూడ నవ్వలే. ఎందుకు?"

"తాళం లెక్క పెట్టుకుంటుంటి."

చాచా గేరు మార్చాడు.

"మల్లొచ్చేపారి జర నవ్వు," అన్నాడు.