నాగన్న గోలి

ఇప్పుడంటే నా ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే "ల్యాబ్‌లో పని" అని ఊరుకుంటాను గానీ, ఆ రోజుల్లో అడక్కపోయినా చెప్పేవాణ్ణి. మాదన్నపేట మార్కెట్ వెనక మా గల్లీలో పాము విషం మీద పరిశోధన చేసే మనిషిని నేనొక్కణ్ణే మరి. (నేను చేసేది పరిశోధన కాదు, పరిశోధన చేసే మేడమ్ గారి గాజుసీసాలు కడగడం. ఆ తేడా గల్లీకి చెప్పాల్సిన అవసరం నాకు కనబడలేదు.) పామునైతే అక్కడ ఒక్కనాడూ చూసింది లేదు. విషం ఎక్కడినుంచో ఎండిన పొడిగా, చిన్న సీసాలో వచ్చేది. అయినా సాయంత్రం గల్లీ మలుపు తిరగగానే, ఇప్పుడే ఓ నాగుపామును బుట్టలో పెట్టి మూత వేసి వచ్చినవాడిలా నా నడక మారిపోయేది.

అప్పట్లో మా ఇంటికి పెద్ద ఫికర్ నానమ్మ బీపీ. డాక్టరమ్మ రాసిచ్చిన గోలి రోజూ వేసుకోవాలి. నానమ్మ బుద్ధిగా దాన్ని నోట్లో పెట్టుకుని, నీళ్లు తాగినట్టే తాగి, పెరట్లోకి వెళ్లి తులసి కుండీలో ఉమ్మేసేది. "నాకేం రోగమున్నదిరా? ఆ డాక్టర్ పోరికి పనిలేదు" అనేది. ఆమె చెల్లెలు ఈ బీపీతోనే కాలూ చెయ్యీ పడిపోయి మంచం పట్టింది. అందుకే మా బాపు వాళ్లమ్మను బతిమాలాడు, కోప్పడ్డాడు, ఓసారి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు కూడా. తులసి మాత్రం రోజూ మందు వేసుకుంటూ పచ్చగా పెరుగుతోంది.

ఒక ఆదివారం, యాటకూర వాసన ఇల్లంతా కమ్ముకుని ఉండగా, నా విజ్ఞానం పొంగుకొచ్చింది. "నానమ్మా, నువ్వు ఉమ్మేసే గోలి ఏందనుకున్నవ్? ఎక్కడో దూరదేశం అడవిల ఓ పాము ఉన్నది. అది కరిస్తే మనిషి బీపీ ఒక్కసారే పడిపోతది. ఎందుకట్ల అని దాని విషంల ఉన్న ప్రోటీన్ ముక్కలను పట్టి చూసి, గదే తీరుగ పనిచేసే మందు తయారు చేసిండ్రు" అన్నాను. గోలీలో విషమూ లేదు, పామూ లేదు, పాము నేర్పిన ఉపాయం మాత్రమే ఉందని కూడా వివరంగా చెప్పాను. ఆ చివరి మాట ఎవరూ వినలేదు.

నానమ్మ లేచి చేతులు కడుక్కుని గోలీల పట్టీని కళ్లకద్దుకుంది. "పంచమి పంచమికి పుట్టల పాలు పోస్తి. నాగన్న మర్వలేదురా, మందై వచ్చిండు" అంది. మర్నాటి నుంచి స్నానం, దీపం, పట్టీకి పసుపుబొట్టు, ఆ తర్వాత గోలి. డాక్టరమ్మ బీపీ చూసి ఆశ్చర్యపోయింది. బాపు నన్ను చూసి, కొడుకు చదువు అక్కరకొచ్చిందని మురిసిపోయాడు.

ఆ మురిపెం మరుసటి ఆదివారం దాకానే. బాపు మటన్ సంచితో గడప దగ్గరికి రాగానే నానమ్మ అడ్డంగా నిలబడింది. "నాగన్న నా కడుపుల ఉన్నడు. గీ ఇంట్ల నీసు వండద్దు."

"ఎన్ని రోజులే అమ్మా?"

"గోలి ఎన్ని రోజులు? గన్ని రోజులు."

డాక్టరమ్మ జీవితాంతం అని ముందే చెప్పింది. బాపు మొహం చూడలేకపోయాను. గోలీలో నాగన్న లేడని గట్టిగా చెబితే కూర తిరిగొస్తుంది, గోలి మళ్లీ తులసి పాలవుతుంది. అందుకని ఎవరూ నోరెత్తలేదు, అందరూ సొరకాయ తింటూ నా వైపు చూసేవారు. మటన్ దుకాణం భాయ్ ఓ రోజు బాపును ఆపి సంగతి విని, "దవా అమ్మాకు, పర్హేజ్ తుమ్‌కు?" అన్నాడట. నిజమే, మందు ఆమెకు, పథ్యం మాకు.

ముడి వేసినవాణ్ణి నేనే గనుక విప్పాల్సిందీ నేనే. పాము కూడా ఎలుకల్ని తింటుంది కదా అన్నాను. "ఆయన దేవుడు, తింటడు. నువ్వెవనివి?" అంది నానమ్మ. చివరికి మేడమ్ గారు ఎవరికో చెబుతుంటే సీసాలు కడుగుతూ విన్నది బయటికి తీశాను. "విషంల ఉన్న ప్రోటీన్లు మీదికెల్లి ఊడిపడలె నానమ్మా. ఒంట్ల మామూలు పని చేసేటియే, పాములల్ల మారుకుంట మారుకుంట విషమైనయి. వాటి చుట్టాలు మన ఒంట్ల గూడ ఉన్నయి. మన ఉమ్మిల సుత ఉన్నయి."

నానమ్మ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. మెల్లగా వంటింటి వైపు తిరిగి, "మీ అమ్మ నోట్ల ఉన్నయని నాకెప్పుడో ఎర్కే" అంది. ఆ పూట మా ఇంట్లో సొరకాయ కూడా ఉడకలేదు.

ఆకలితో కూర్చున్న మా మధ్య నానమ్మ చాలాసేపు ఆలోచించింది. తర్వాత బాపును పిలిచింది. "అందరి నోట్ల నాగన్న చుట్టాలే ఉన్నరంట గద. నా పెండ్లైనకాడికెల్లి గా చుట్టాలకు యాటకూర పెడ్తనే ఉన్న. ఒక్కనాడన్న కోపం జేసిండా?" బాపు లేదన్నట్టు తల ఊపాడు. "మరింకేంది? గోలి పొద్దుగాల, కూర పగటీలి. పో, మూలుగ బొక్కలు మంచిగ ఏయించుకరా."

నానమ్మ కాలూ చెయ్యీ చక్కగా ఆడుతుండగానే, చాలా ఏళ్ల తర్వాత, నిద్రలో పోయింది. ఆ ముందురోజు కూడా గోలి వేసుకుంది.

ఇప్పుడు నాకూ బీపీ వచ్చింది, గోలీ ఆ జాతిదే. అది ఒంట్లో ఏం చేస్తుందో బొమ్మ గీసి మరీ చెప్పగలను. (సీసాలు ఇప్పుడు వేరేవాళ్లు కడుగుతున్నారు.) మొన్న ఆదివారం పొద్దున మా ఆవిడ నన్ను వింతగా చూసి, "ఏందది?" అంది. చూసుకుంటే, స్నానం చేసి, గోలీల పట్టీని కళ్లకద్దుకుంటున్నాను. ఎన్నాళ్లుగా చేస్తున్నానో నాకే తెలియదు. నానమ్మ ఒక్కసారిగా గుర్తొచ్చింది. "ఏం లేదు" అని గోలి మింగి, మటన్ సంచి అందుకున్నాను.